కేంబ్రిడ్జ్‌లో ఆరు రోజులు: తెగిపోయిన ఒక మూల వెంట

ఆదివారం

విమానంలో రెక్క పక్కనే కిటికీ సీటు దొరికింది. రెక్క వచ్చి విమానం ఒంటికి కలిసే చోటు చూస్తూ కూర్చున్నాను. అక్కడ పదునైన మూల ఉండదు. రెండింటినీ కలుపుతూ ఒక మెత్తని వంపు ఉంటుంది, గాలి అక్కడ సుడులు తిరగకుండా. ఇలాంటి వంపును మా పనిలో ఫిల్లెట్ అంటాం. పంపు కేసింగ్ లోపల, గేర్‌బాక్స్ పెట్టెలో, చేతిలో ఉన్న ఫోన్ అంచులో, ఎక్కడ చూసినా అదే. పోత పోసిన లోహపు భాగంలో లోపలి మూల పదునుగా ఉంటే ఒత్తిడంతా అక్కడే చేరి పగులు మొదలవుతుంది. అందుకే డిజైన్ చేసేవాళ్లు మూలల్ని గుండ్రం చేస్తారు. కంప్యూటర్ మీద డిజైన్లు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో వాళ్లు అంచును ఎంచుకుని, మూడు మిల్లీమీటర్లు అని కొట్టి, ఒక్క క్లిక్ చేస్తారు. ఆ క్లిక్ వెనక జరిగే పనే ఎనిమిదేళ్లుగా నా ఉద్యోగం.

ఆ పనిని ఇలా ఊహించుకోవచ్చు. రెండు గోడలు కలిసే మూలలో ఒక బంతిని పెట్టి, రెండు గోడలనూ తాకుతూ అంచు పొడవునా దొర్లించాలి. బంతి ఒరుసుకుంటూ వెళ్లిన దారే కొత్త వంపు. గోడలు చదునుగా ఉంటే ఇది హైస్కూలు లెక్క. గోడ తానే వంపు తిరిగి ఉంటే, బంతి ఆ వంపులో పట్టనంత పెద్దదైతే, మధ్యలో మూడో గోడ అడ్డం వస్తే, అప్పుడు మొదలవుతుంది అసలు పని.

పరిశోధన అంటే రోజూ కొత్త ఆలోచనలు పుడుతుంటాయని బయటివాళ్లు అనుకుంటారు. నా రోజు మొదలయ్యేది రాత్రి నడిచిన టెస్టుల ఫలితాలు చూడటంతో. మేం రాసిన కోడ్‌ను సర్వర్లు రాత్రంతా పాత మోడళ్ల మీద నడిపిస్తాయి. ఆకుపచ్చ అంటే పాసైంది, ఎరుపు అంటే తప్పింది. ఎర్రగా ఉన్నదాన్ని తెరిచి, ఏ ముఖం ఏ అంచు దగ్గర తెగిందో చూస్తూ కూర్చుంటే మధ్యాహ్నం అవుతుంది. ఏడాదిలో ఎక్కువ భాగం ఇదే. అందులోంచి ఎప్పుడో ఒక పద్ధతి తయారవుతుంది, పేపర్ అవుతుంది, ఒప్పుకుంటే ఇలా కాన్ఫరెన్స్ ప్రయాణం. ఈసారి మా పేపర్, నాలుగైదు అంచులు ఒకే బిందువు దగ్గర కలిసే చోట బంతి దారి తప్పకుండా ఎలా నడిపించాలనే దాని మీద. ఇరవై నిమిషాల ప్రసంగం, బుధవారం.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి కేంబ్రిడ్జ్‌కు వేగంగా వెళ్లే రైలైతే యాభై నిమిషాలు పట్టింది. స్టేషన్ ఊరి మధ్యకు కొంచెం దూరం. పెట్టె లాగుతూ నడిచే వెళ్లాను. గదికి చేరాక స్లైడ్లన్నీ ఒకసారి చూసుకున్నాను. బొమ్మలన్నీ అందంగా ఉన్నాయి, అన్ని మూలలూ నున్నగా తిరిగాయి. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

సోమవారం

ఉదయమంతా మెషిన్ లెర్నింగ్ పేపర్లే. మూడు నాలుగేళ్లుగా ఏ క్యాడ్ సభకు వెళ్లినా ఇదే వరస. పాయింట్ల గుంపు ఇస్తే డిజైన్ చరిత్ర చెప్పే నెట్‌వర్కులు, మాట రాస్తే భాగం గీసిచ్చే నెట్‌వర్కులు. వీటికి ఊపు తెచ్చినవాటిలో ఒకటి 2019లో వచ్చిన ఏబీసీ డేటాసెట్. ఆన్‌షేప్ అనే ఆన్‌లైన్ క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో జనం బహిరంగంగా పెట్టిన డిజైన్ల నుంచి పోగుచేసిన పది లక్షల మోడళ్లు అందులో ఉన్నాయి. అది మా రంగానికి నిజంగా మేలు చేసింది. అంతకుముందు ఎవరి పది మోడళ్లు వాళ్లవి, ఒకరి ఫలితాన్ని ఇంకొకరి ఫలితంతో పోల్చే దారే ఉండేది కాదు.

కానీ నాకు ఒక బాధ ఉంది, దాన్ని ఇక్కడ చెప్పాలి. బహిరంగంగా దొరికే మోడళ్లలో చాలావరకు సాదాసీదావి. ఒక గీత గీసి పైకి లాగినవి, రంధ్రం పెట్టినవి. నిజంగా ఫ్యాక్టరీలో పుట్టి, ఐదుగురి చేతులు మారి, మూడు సాఫ్ట్‌వేర్లు దాటి, పదేళ్లుగా సవరణలు పడుతూ వచ్చిన మోడల్ వేరే రకం. అవి కంపెనీల రహస్యాలు, బయటికి రావు. మేం పరీక్షించుకునేది ఒక ప్రపంచంలో, మా కోడ్ పనిచేయాల్సింది ఇంకో ప్రపంచంలో.

టీ విరామంలో ఒకావిడ నా పోస్టర్ దగ్గరికి వచ్చింది. మా కాన్ఫరెన్సులో పేపర్ ఉన్నవాళ్లు ముందే ఒక పోస్టర్ కూడా పెట్టాలి. ఆవిడ పరిశోధకురాలు కాదు, పంపులు తయారుచేసే చోట డిజైన్ ఇంజినీరు, ఇరవై ఏళ్లకు పైగా అనుభవం. పోస్టర్ మొత్తం నిదానంగా చదివి అడిగింది.

"ఈ మోడళ్లు మీరే చేసుకున్నారా?"

"అవునండీ, చాలావరకు మేమే. కొన్ని డేటాసెట్ నుంచి."

"చూస్తే తెలుస్తోంది. చాలా శుభ్రంగా ఉన్నాయి."

ఆ మాటలో ఎగతాళి లేదు. తన దగ్గర ఒక మూల ఉందని, ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ ఫిల్లెట్ పడట్లేదని, చివరికి ప్రతిసారీ ఆ చోట ఉపరితలాన్ని చేత్తో అతికిస్తున్నానని చెప్పింది. ఫైలు ఇవ్వగలరా అని అడిగాను. మొత్తం కేసింగ్ ఇవ్వడం కుదరదంది. సాయంత్రానికి మాత్రం ఒక మెయిల్ వచ్చింది. కేసింగ్ ఏమిటో గుర్తుపట్టడానికి వీల్లేకుండా చుట్టూ అంతా కోసేసి, ఆ ఒక్క మూలను మాత్రం, అగ్గిపెట్టె అంత ముక్కను స్టెప్ ఫైలుగా, అంటే ఏ క్యాడ్ సాఫ్ట్‌వేర్ అయినా చదవగలిగే ఫైలుగా పంపింది. ఒక గోడ, దానిలోంచి బయటికి వచ్చే ఒక గొట్టం, పక్కన ఒక పలక. తొమ్మిది ముఖాలు, అంతే.

రాత్రి పదింటికి నా కోడ్‌ను దాని మీద నడిపించాను. బంతి గొట్టం చుట్టూ సగం తిరిగి, పలక దగ్గరికి రాగానే వెనక్కి మళ్లి, వచ్చిన దారినే పోయింది. ఉపరితలం తన మీద తానే మడతపడింది. నాలుగైదు అంచులు కలిసే చోట దారి తప్పదని నేను పేపర్లో రాసింది సరిగ్గా ఈ పరిస్థితి గురించే.

మంగళవారం

ఉదయం సెషన్లకు వెళ్లలేదు. టెన్షన్ ఒక పక్క, అది ఎందుకు తిరిగి వెళ్లిందో తెలుసుకోవాలన్న పట్టుదల ఇంకో పక్క. కిటికీ దగ్గర బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, బంతి వేసే ఒక్కో అడుగునూ ఆపి చూడటం మొదలుపెట్టాను.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మా రంగంలోని కష్టమంతా ఇందులోనే ఉంది. ఘనవస్తువును కంప్యూటర్ ముఖాలుగా, అంచులుగా, శీర్షాలుగా దాచుకుంటుంది. రెండు ముఖాలు కలిసే చోటు అంచు, అంచులు కలిసే బిందువు శీర్షం. చెప్పడానికి సులువే. కానీ రెండు వంపు ఉపరితలాలు కలిసే గీత ఏమిటో కచ్చితంగా రాయగలమా? మామూలుగా వాడే బైక్యూబిక్ అనే రకం వంపు ఉపరితలాన్ని ఒకే సమీకరణంగా రాస్తే దాని ఘాతం, అంటే అందులోని అతిపెద్ద పవర్, 18 దాకా ఉంటుంది. అలాంటివి రెండు ఖండించుకుంటే ఆ గీత ఘాతం 324 దాకా పోవచ్చు. దాన్ని అలాగే దాచుకుని ఎవరూ లెక్కలు చేయలేరు. కాబట్టి దగ్గరగా ఉండే సులువైన వక్రరేఖను గీసి, ఇదే అంచు అంటాం. అంటే మోడల్లో అంచు అనేది నిజానికి ఏ ముఖం మీదా సరిగ్గా కూర్చోదు. రెండింటికీ చాలా దగ్గరగా ఉంటుంది. ఆ "చాలా దగ్గర" ఎంత అన్నదాన్నే టాలరెన్స్ అంటాం.

ఒక్కో కెర్నెల్‌కు ఒక్కో కొలత. కెర్నెల్ అంటే క్యాడ్ సాఫ్ట్‌వేర్ లోపల జ్యామితి పని చేసే భాగం. పారాసాలిడ్ అనే కెర్నెల్‌లో మోడల్ అంతా వెయ్యి మీటర్ల ఘనంలో ఇమడాలి, పొడవుల కచ్చితత్వం మీటరులో పది కోట్లవ వంతు. ఆ మేరకు దగ్గరున్న రెండు బిందువులు దానికి ఒకటే. ఇంకో సాఫ్ట్‌వేర్‌కు ఆ హద్దు వేరు. ఫైలు ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్లినప్పుడు, అక్కడ "కలిసే ఉన్నాయి" అనిపించుకున్న గోడలు ఇక్కడ "విడిగా ఉన్నాయి" అవుతాయి. అప్పుడు ఫైలును మార్చే ప్రోగ్రాం, అంటే అనువాదకం, ఆ అంచుకు ఒక పెద్ద టాలరెన్స్ రాసి సరిపెడుతుంది. 1999లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం చేసిన ఒక అధ్యయనం, డేటా ఇలా సరిగా మారకపోవడం వల్ల ఆ దేశపు కార్ల పరిశ్రమ ఏటా కనీసం వంద కోట్ల డాలర్లు నష్టపోతోందని లెక్కగట్టింది. ఆ అంకెను నేను చాలా ప్రసంగాల మొదటి స్లైడులో చూశాను. ఆ నష్టం ఎలా ఉంటుందో మంగళవారం మధ్యాహ్నం ఒకే ఒక్క అంచులో చూశాను.

గొట్టం, పలక, గోడ కలిసే దగ్గర ఒక చిట్టి అంచు ఉంది. పొడవు మిల్లీమీటరులో 0.015 వంతు. తెర మీద ఎంత పెద్దది చేసినా మొదట కనపడలేదు. దాని పక్క అంచు మీద అనువాదకం రాసిన టాలరెన్స్ 0.02 మిల్లీమీటర్లు. అంటే ఆ చిట్టి అంచు తన రెండు కొసల అనిశ్చితి కంటే చిన్నది. దాని రెండు శీర్షాలు ఒకదానిలో ఒకటి మునిగి ఉన్నాయి. బంతి అక్కడికి వచ్చి, తర్వాతి అంచు ఏది అని అడిగితే, నా కోడ్‌కు రెండు జవాబులు సమానంగా కనిపించాయి. జాబితాలో ముందున్నది తీసుకుంది. అది వెనక్కి వెళ్లే అంచు.

నా మోడళ్లలో ఈ పరిస్థితి ఎప్పుడూ రాలేదు, రాదు కూడా. అవన్నీ ఒకే కెర్నెల్‌లో పుట్టి అక్కడే పెరిగినవి.

సాయంత్రం కాళ్లు సాగదీద్దామని నది దాకా నడిచాను. సిల్వర్ స్ట్రీట్ వంతెన మీద నిలబడితే క్వీన్స్ కాలేజీ వారి మ్యాథమెటికల్ బ్రిడ్జ్ కనిపిస్తుంది. విలియం ఎథరిడ్జ్ గీసిన నమూనాతో 1749లో కట్టిన చెక్క వంతెన. తర్వాత 1866లో, 1905లో అదే నమూనాలో మళ్లీ కట్టారు. న్యూటన్ కట్టాడని ఒక కథ ఉంది కానీ, ఆయన 1727లోనే పోయాడు. దాన్ని చూస్తే మా పనివాళ్లెవరికైనా ముచ్చటేస్తుంది. దూరం నుంచి చూస్తే నిండైన విల్లు. దగ్గరగా చూస్తే ఒక్క దుంగ కూడా వంగి లేదు, అన్నీ తిన్నటి కర్రలే, విల్లును తాకుతూ ఒకదాని తర్వాత ఒకటి పేర్చినవి. చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను.

గదికి వచ్చి నా కోడ్‌కు ఒక మందు వేసి చూశాను. బంతిని దొర్లించే ముందే, టాలరెన్స్ కంటే చిన్న అంచులన్నిటినీ ఒక బిందువుగా కుదించేయడం. అంచు ఒకటి, శీర్షం ఒకటి కలిసి పోతాయి కాబట్టి, శీర్షాలు, అంచులు, ముఖాల సంఖ్యలను ముడిపెట్టే ఆయిలర్ లెక్క చెడదు. ఉదాహరణకు ఘనానికి (క్యూబ్‌కు) 8 శీర్షాలు, 12 అంచులు, 6 ముఖాలు: ఎనిమిది లోంచి పన్నెండు తీసి ఆరు కలిపితే రెండు. ఒక శీర్షం, ఒక అంచు తీసేసినా అదే రెండు. నడిపించాను. బంతి పలక దాటి, గొట్టం చుట్టూ పూర్తిగా తిరిగి వచ్చింది. నున్నటి వంపు. రాత్రి ఒంటిగంటకు ఆ బొమ్మను చూస్తుంటే కళ్లు చెమర్చాయి.

మా ల్యాబ్ విద్యార్థికి కోడ్ పంపాను, మిగతా టెస్టులన్నీ నడిపించమని. గంటలో ఫోన్ చేశాడు.

"మేడమ్, ఫిల్లెట్లన్నీ పాస్. కానీ తర్వాతి స్టెప్పులు పోతున్నాయి. మీరు తీసేసిన అంచును ఎక్కడో ఒక రంధ్రం పట్టుకుని ఉంది. ఆ అంచు కనపడక రంధ్రం వేరే ముఖం మీదికి పోయింది."

ఇది మా రంగంలో పాత రోగం. డిజైనర్ చేసిన ప్రతి పనీ ముందు పనిలోని ఏదో అంచును పేరు పెట్టి పట్టుకుని ఉంటుంది. ఆ అంచు మాయమైతే వెనక వచ్చేవన్నీ తూలిపోతాయి. ఒక మూల బాగుచేశాను, ఇంకోచోట పాడుచేశాను.

"స్లైడ్లు ఏం చేద్దాం మేడమ్? పేపర్ ఎలాగూ ఒప్పుకున్నారు. ఉన్నవే చూపిస్తే సరిపోదా?"

"సరిపోదు. నువ్వు పడుకో, పొద్దున మాట్లాడదాం."

బుధవారం

పొద్దున్నే మా సహరచయితల్లో పెద్దాయనతో ఫోన్లో వాదన. పేపర్లో రాసినదానికి కట్టుబడు, కొత్త సమస్య వచ్చే ఏడాది పేపర్ అవుతుంది, ఇప్పుడే బయటపెడితే ఇంకెవరో రాసేస్తారు అన్నారు. ఆయన మాటలో లౌక్యం ఉంది, ఆయన్ని తప్పుపట్టను. విద్యార్థి భవిష్యత్తు కూడా ఆయన మనసులో ఉంది. కానీ పేపర్లో "దారి తప్పదు" అని రాసింది నేను. అది తప్పుతోందని నాకు తెలిశాక, ఆ మాట పెద్ద తెర మీద పెట్టి నిలబడటం నా వల్ల కాదన్నాను. చివరికి, "నీ ప్రసంగం, నీ ఇష్టం" అన్నారు.

అందమైన బొమ్మలున్న రెండు స్లైడ్లు తీసేసి, ఆ మూలను పెట్టాను. మొదట బంతి వెనక్కి తిరిగిపోయే బొమ్మ, తర్వాత కుదించాక వచ్చిన నున్నటి వంపు, ఆ తర్వాత తప్పుడు ముఖం మీదికి పోయిన రంధ్రం. ఫైలు ఇచ్చినావిడ అనుమతి ముందే అడిగాను. వెనక వరసలో కూర్చుని ఉంది.

ప్రసంగం అయ్యాక కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వరసగా ఏడెనిమిది చేతులు లేచాయి. ఒకరు కుదించకుండా ఆ చిట్టి అంచును అలాగే ఉంచి, నడకకు మాత్రం లేనట్టు చూపించొచ్చు కదా అన్నారు. ఇంకొకరు అలా చేస్తే వంపు చివర ఎక్కడ కుట్టాలని ఎదురడిగారు. వాళ్లిద్దరూ నన్ను వదిలేసి ఒకరితో ఒకరు వాదించుకోవడం మొదలుపెట్టారు. అధ్యక్షుడు టైమ్ అయిపోయిందని లేచి నిలబడాల్సి వచ్చింది. ఎనిమిదేళ్లలో నా ఏ ప్రసంగానికీ ఇలా జరగలేదు. బయట నలుగురు పట్టుకుని తమ దగ్గర తప్పిన మూలల గురించి చెప్పారు. వాటిలో ఒక్కటీ ఏ పేపర్లోనూ లేదు.

గురువారం

సభ మధ్యాహ్నానికే ముగిసింది. మిగిలిన సగం రోజు ఊరు చూశాను, అంటే నాకు కావలసిన ఊరు.

మేం వాడే సాలిడ్ మోడలింగ్‌లో చాలా భాగం ఇక్కడే పుట్టింది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో పనిచేసి వచ్చిన చార్లెస్ లాంగ్ 1965లో ఇక్కడి యూనివర్సిటీలో క్యాడ్ బృందాన్ని మొదలుపెట్టారు. అందులో ఇయాన్ బ్రెయిడ్ 1970ల మొదట్లో బిల్డ్ అనే మోడలర్ రాశారు. తెర మీద గీతలు కాదు, లోపలా బయటా తెలిసిన ఘనవస్తువునే కంప్యూటర్లో దాచడం దానిలోని సంగతి. 1974లో వాళ్లిద్దరూ, అలన్ గ్రేయర్, పీటర్ వీన్‌మన్ కలిసి షేప్ డేటా అనే కంపెనీ పెట్టారు. 1978లో రోములస్ అనే మోడలర్ వచ్చింది, దాని వారసత్వంగా పారాసాలిడ్. తర్వాత గ్రేయర్, లాంగ్, బ్రెయిడ్ ముగ్గురూ మళ్లీ కలిసి 1989లో ఏసిస్ తెచ్చారు. ఇవాళ ప్రపంచంలో ఎన్నో వస్తువుల డిజైన్లు ఈ రెండు కెర్నెళ్లలో ఒకదాని మీద నడుస్తున్నాయి. రోజూ వాటి లోతుల్లో మునిగి ఉండే నాకు, ఆ మనుషులు తిరిగిన వీధుల్లో నడవడం పుట్టింటికి వెళ్లినట్టు అనిపించింది.

కంప్యూటర్ ల్యాబ్ 2001లో ఊరి పడమటి వైపుకు మారిపోయింది. పాత చోటు ఊరి నడిబొడ్డున, కార్న్ ఎక్స్ఛేంజ్ స్ట్రీట్ పక్కన. తొలినాళ్ల కంప్యూటర్లలో ఒకటైన ఎడ్సాక్ 1949 మే 6న తన మొదటి ప్రోగ్రామును నడిపింది ఈ చుట్టుపక్కలే. దాన్ని కట్టిన మారిస్ విల్క్స్, యంత్రం గదికీ టేపు పంచ్ చేసే చోటుకీ మధ్య తిరుగుతూ, మెట్ల మలుపు దగ్గర ఒక్కసారిగా గ్రహించిన సంగతిని తర్వాత రాసుకున్నారు: మిగిలిన జీవితంలో మంచి భాగం సొంత ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడానికే పోతుందని. ఆ మెట్లు ఇప్పుడు వెతికినా దొరకవు. వీధిలోనే కాసేపు నిలబడ్డాను. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నేను విద్యార్థిని, బాధగా అనిపించింది. ఇప్పుడు అది నా రోజు ఎలా గడుస్తుందో చెప్పే మాట. అందులో నాకు బాధేమీ కనపడలేదు.

అక్కడి నుంచి కాసిల్ హిల్ మీది పాత మట్టి దిబ్బ ఎక్కాను. ఎక్కువ ఎత్తేమీ కాదు కానీ ఊరంతా కనిపిస్తుంది. పైన కూర్చుని ఆ నలుగురు చెప్పిన మూలలు మర్చిపోకుండా కాగితం మీద గీసుకున్నాను.

శుక్రవారం

తెల్లారకముందే స్టేషన్. రైల్లో కూర్చుని రెండు పనులు చేశాను. మొదటిది, ఆ తొమ్మిది ముఖాల ముక్కను మా రాత్రి టెస్టుల్లో చేర్చడం. ఇప్పటికి దానికి ఎరుపే వస్తుంది, తెలిసే చేర్చాను. రెండోది, పంపుల ఇంజినీరుకు మెయిల్. మీ మూల ఎక్కడ తెగిందో, ఎందుకో, నా మందు ఎక్కడిదాకా పనిచేసిందో, రంధ్రం ఎందుకు జారిందో బొమ్మలతో సహా రాశాను. ఇంకా బాగుకాలేదని, బాగైన రోజు మీకే ముందు చెబుతానని రాశాను.

రైలు కింగ్స్ క్రాస్ చేరేలోపే జవాబు వచ్చింది. రెండు వాక్యాలు, మూడు ఫైళ్లు. రాత్రి కూర్చుని ఇంకో మూడు మూలలు కోసి పంపింది.

ప్లాట్‌ఫారం మీద పెట్టె పక్కన పెట్టుకుని మొదటిది తెరిచాను.